ఏ రఫీక్?

గల్ఫ్‌లో, అర్దియాలోని మా కార్ల పెయింటింగ్ గ్యారేజీలో ఫోర్‌మన్ మానేసి వెళ్ళిపోయాక, ఆ ఉద్యోగం మా కడప అన్నదేనని అందరం అనుకున్నాం. మాలో ఆయన్ను మించిన పాతవాడు లేడు. నాకు స్ప్రే గన్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. మా వీసాల యజమాని కఫీల్ మాత్రం అన్న తర్వాత ఎన్నో ఏళ్ళకు వచ్చిన ఒక అరబ్బుకిచ్చాడు. అదేమంటే, అతనే సీనియరట!

నడుమ గ్యారేజీ పేరు మారి, మేం ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్లు, అందరి ఇఖామాలూ కొత్త కంపెనీ కిందికి వచ్చాయి. అరబ్బులకు పాత సర్వీసు కలిపారు, మాకు కలపలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కేసు పెడదామన్నాను.

"మనకేల అబ్బీ? ఇఖామా ఖలాస్ చేస్తే యాడికి పోతాం?" అన్నాడు అన్న.

చెవినిల్లు కట్టుకుని పోరి, లేబర్ ఆఫీసుకు లాక్కెళ్ళాను.

అధికారి కఫీల్‌ను పిలిపించి, అన్నను చూపించి అడిగాడు, పాత కంపెనీలో పనిచేసింది ఇతనేనా అని. నాకు అరబీ బాగానే వంటబట్టింది, ప్రతి మాటా అర్థమైంది.

"రంగు దగ్గర రఫీక్ ఉండేవాడు," అన్నాడు కఫీల్.

"ఏ రఫీక్?"

రఫీక్ అంటే స్నేహితుడు. ఇక్కడ మాత్రం మన దేశాల కూలీలందరికీ అదే పేరు. అరబ్బు ఉద్యోగులను పేరు పెట్టి పిలిచే కఫీల్, మమ్మల్ని ఏనాడూ అలా పిలవలేదు.

"రఫీక్‌లు వస్తుంటారు, పోతుంటారు. ఇతనో, ఇంకొకడో, నేనెలా చెప్పేది?"

అబద్ధమనుకున్నాను. ఆయన అబద్ధాలు నాకు కొత్త కావు. గుద్దేసిన కారును కొత్తదని అమ్మేటప్పుడు ఎంత తియ్యగా నవ్వుతాడో! ఇప్పుడు ఆ నవ్వు లేదు. ముందుకు వంగి అన్న ముఖంలోకి పట్టిపట్టి చూస్తున్నాడు, గుర్తు తెచ్చుకోవాలని. ఆయన కొడుకు పెళ్ళికి కారు ముస్తాబు చేసింది అన్నే. ఆ రోజు ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు.

సాక్షులను తెచ్చుకోమని అధికారి వాయిదా వేశాడు. బయటికి రాగానే, పాతవాళ్ళను వెతుకుదాం పద అన్నాను. అన్న గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

"వద్దు అబ్బీ. అబద్దం చెప్పింటే కొట్లాడుతాంటి. వానికి నిజంగానే నేనెవురో తెలీదురా."