ఆయిల్ మార్చే ఆదివారాలు

మొన్న ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లోకి ఒక చిన్న వ్యాను వచ్చి ఆగింది. ఈ రోజుల్లో కారుకు ఆయిల్ మార్చాలంటే కారు గడప దాటనక్కరలేదట, ఫోనులో ఒకసారి నొక్కితే వాళ్ళే సామాను వేసుకుని ఇంటికి వచ్చి మార్చిపోతారట. అది మా అమ్మాయి చేసిన ఏర్పాటు. వచ్చిన ఇద్దరూ చేతులకు నల్లటి గ్లౌజులు తొడుక్కుని, నేల మీద పట్టా పరిచి, ఆయిల్ కొలిచే పుల్ల ఉండే గొట్టంలోకి సన్నటి పైపు దించి, మిషను పెట్టి పాత ఆయిలంతా పైకే లాగేశారు. కారు కిందికి ఎవరూ దూరలేదు, ఎవరి చొక్కాకూ మరక అంటలేదు. కూరగాయల సంచీ పట్టుకుని లిఫ్టు దగ్గర నిలబడి చూస్తున్న నాకు వేడి ఆయిల్ వాసన ముక్కుకు తగలగానే కాళ్ళు వాటంతట అవే అటు నడిచాయి. వాళ్ళలో ఒకతను పాత ఫిల్టరు తిప్పి తీసేసరికి నా నోట్లోంచి మాట జారిపోయింది.

"పాత రింగు గూడా ఊడొచ్చిందా, చూసినావా అప్పా?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. తలంతా నెరిసిన మనిషి అడగవలసిన ప్రశ్నలా అతనికి తోచి ఉండదు. అయినా మర్యాదస్తుడు, ఫిల్టరును వెనక్కి తిప్పి దాని అంచున అంటుకుని ఉన్న నల్లటి రబ్బరు రింగును నాకు చూపించాడు. సెల్లార్‌లోనే ఒక మూల కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్న మా ఆయన తలెత్తి నా వైపు ఒకసారి చూసి మళ్ళీ పేపరులో పడ్డారు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కారున్న ఇళ్ళే తక్కువ, ఉన్న ఇంట్లో ఆ కారు ఒక మనిషితో సమానం. ముల్బాగల్ వైపు నుంచి నేను కోడలిగా వచ్చేనాటికి చందాపురలో మా అత్తవారింటి ముందు తెల్లటి పాత చిన్న కారు ఒకటి ఉండేది. మా మామగారు అత్తిబెలెలో ఒక ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసే పని చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో అందరూ సైటు కొనుక్కుంటే ఈయన ఎవరో వాడేసిన కారు కొన్నారని మా అత్తగారు పోయేదాకా దెప్పుతూనే ఉండేది. ఆ దెప్పిపొడుపు ఆయనకు ఎంత ఇష్టమో ఆమె పోయాక గానీ మాకు తెలియలేదు. ఆమె పోయిన తర్వాత ఆయనకు మాటలు బాగా తగ్గాయి, ఆదివారం పొద్దున కారు బానెట్ ఎత్తినప్పుడు తప్ప ఆయన గొంతు ఇంట్లో వినపడేదే కాదు.

నేనేమో హెబ్బగోడి దగ్గర ఒక ఫ్యాక్టరీలో వైర్లు కూర్చే పనికి వెళ్ళేదాన్ని. వారమంతా స్క్రూలు, క్లిప్పులు, మరలు నా చేతుల్లోనే ఉండేవి కాబట్టి స్పానర్ల నంబర్లు నాకు కొత్త కాదు. ఒక ఆదివారం మామగారు కారు కింద నుంచి పదిహేడు నంబరు స్పానరు కావాలని కేకేస్తే, ఇంట్లో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే నేను పోయి సరైనది చేతిలో పెట్టాను. ఆ రోజు నుంచి ఆయిల్ మార్చే ఆదివారాల్లో నా పీట కారు పక్కనే.

ఆయన పద్ధతి ఆయనది. ముందు ఇంజను ఐదు నిమిషాలు ఆడించి ఆపేవారు, ఆయిల్ వేడెక్కితేనే మురికంతా కలుపుకుని కిందికి దిగుతుందని. ఇంటి ముందు ఏటవాలుగా పేర్చిన రెండు రాతి బండల మీదికి ముందు చక్రాలు ఎక్కించి, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ఆ రాళ్ళను కాలితో తన్ని చూసి, అప్పుడు గోనెసంచీ పరుచుకుని కిందికి దూరేవారు. అడుగునున్న బోల్టు వదులు చేయగానే నల్లటి ఆయిల్ బేసిన్‌లో సన్నటి ధారగా పడేది. ధార చుక్కలుగా మారి, ఆ చుక్కలు కూడా ఆగిపోయే దాకా బోల్టు తిరిగి పెట్టనిచ్చేవారు కాదు, కాఫీ చల్లారిపోతోందన్నా సరే. పాత ఆయిల్‌ను రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, నాడి పట్టిన వైద్యుడి మాదిరి తలూపేవారు. తర్వాత పాత ఫిల్టరు తిప్పి తీసి నా చేతికిచ్చేవారు, అది కూర్చునే చోటు గుడ్డతో తుడిచేవారు, కొత్త ఫిల్టరు రింగుకు కొత్త ఆయిల్ వేలితో రాసి, స్పానరు తగిలించకుండా ఒట్టి చేత్తోనే బిగించేవారు. పైనుంచి గరాటు పెట్టి కొత్త ఆయిల్ పోయడం నా వంతు. తేనెరంగులో అది జారిపోతుంటే చూడటానికి నాకెంతో బాగుండేది.

పాత ఆయిల్ కూడా వృథా పోయేది కాదు. అప్పుడు చందాపుర చుట్టూ ఎక్కడ చూసినా ఇళ్ళు లేస్తుండేవి, సెంట్రింగ్ మేస్త్రి డబ్బా పట్టుకుని వచ్చి కాంక్రీటు అంటకుండా పలకలకు పూయడానికి తీసుకుపోయేవాడు. అన్నీ అయ్యాక చేతులు కిరసనాయిలుతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సర్కిల్ దాకా నడిపి, అక్కడ ఒక బైటూ కాఫీ చెప్పేవారు. మామా కోడళ్ళు హోటల్ ముందు నిలబడి ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పంచుకుని తాగుతుంటే చూసేవాళ్ళకు వింతగా ఉండేదేమో గానీ, ఆరు రోజుల ఫ్యాక్టరీ చాకిరీ తర్వాత నాకు అదే పండగ.

అట్లా నాలుగైదేళ్ళు గడిచాయి. తర్వాత ఒక ఏడు ఆయనకు చిన్న చిన్న పొరపాట్లు జరగడం మొదలైంది. ఆయిల్ పోసే మూత పెట్టడం మరిచిపోయి బానెట్ మూసేశారు. వెనక్కి తీస్తూ గేటు స్తంభానికి గీకించారు. మా ఆయన మంచివారే గానీ ముక్కోపి, అందరి ముందూ తండ్రిని నిలబెట్టి చెప్పేశారు.

"ఇంకొక తూరి ఇట్లాంటిది ఏమన్నా అయితే తాళంచెవి నా చేతికిచ్చేయాల నాయనా. కారు సర్వీసుకి ఇచ్చేస్తాం, నువ్వు దాన్ని ముట్టేది వద్దు."

ఆ తర్వాత వారమంతా ఆయన తాళంచెవిని జేబులో తడుముకుంటూ ఇంట్లో తిరగడం చూస్తే నాకు గుండె తరుక్కుపోయింది. ఆ మనిషికి మిగిలింది ఆ ఒక్క పని, అది కూడా లాగేసుకుంటే ఆయన ఏం పట్టుకుని బతుకుతారు అనిపించింది.

సరిగ్గా అట్లాంటప్పుడే హోసూరులో మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థం వచ్చిపడింది. దూరం పోయే ముందు ఆయిల్ మార్చాల్సిందేనని ఆయన పట్టుబట్టి, ఆ పొద్దున్నే పనికి దిగారు. మా ఆయన పండ్లు, పూలు తేవడానికి మార్కెట్టుకు పోయారు. మామగారు పాత ఫిల్టరు తిప్పి తీసి అలవాటుగా నా చేతికిచ్చారు. దాన్ని బేసిన్‌లో బోర్లించబోతూ చూశాను, అంచున ఉన్న గాడి ఖాళీగా ఉంది, రింగు లేదు. ప్రతిసారీ ఆ నల్లటి రింగు అక్కడ ఉండేది, ఆ రోజు లేదు. అంటే అది ఇంజనుకే అంటుకుని ఉండిపోయిందని, దాని మీద ఇంకొకటి బిగిస్తే ఆయిల్ కారిపోతుందని నాకు తెలుసు, తెలియకేం. మామా అని పిలవబోయాను. కానీ వారం రోజులుగా ఇంట్లో అందరూ ఆయనకు తప్పులే చూపిస్తున్నారు, ఇప్పుడు కోడలు కూడా మొదలుపెట్టిందా అనుకుంటారని నాలుక వెనక్కి తీసుకున్నాను. గుడ్డతో తుడుస్తారు కదా, ఆయనే చూసుకుంటారులే అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఆయన తుడిచారు, కానీ ఆయన కళ్ళకు అది కనపడలేదు. నేను మాట కూడదీసుకునేలోపే కొత్త ఫిల్టరు దాని మీదే బిగించేసి, ఆయిల్ పోయమ్మా అన్నారు. నేను పోశాను. ఇంజను ఆడించి కిందికి వంగి చూస్తే ఒక్క చుక్క కూడా కారలేదు, హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్యను తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

అత్తిబెలె చెక్‌పోస్టు ఇంకా రాకముందే డ్యాష్‌బోర్డులో ఆయిల్ తగ్గిందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. మా ఆయన వెంటనే రోడ్డు పక్కకు తీసి ఇంజను ఆపేశారు, లేకపోతే ఇంజనే పట్టేసి ఉండేది. మామగారు తాళంచెవి లాగి అలవాటుగా తన జేబులో వేసుకున్నారు. దిగి చూస్తే మేమొచ్చిన దారంతా నల్లటి చార. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నేను, పండ్ల బుట్టలు ఒళ్ళో పెట్టుకుని అప్పటికి చిన్నపిల్లయిన మా అమ్మాయి, లారీల దుమ్ములో గంటకు పైగా ఉండిపోయాం. అత్తిబెలె నుంచి వచ్చిన మెకానిక్ కిందికి దూరి ఫిల్టరు తీసి, చిట్లిన రింగు ఒకటి, నలిగిన రింగు ఒకటి అరచేతిలో పెట్టుకుని బయటికి వచ్చాడు.

"దీంట్లో రెండు రింగులు ఉండాయి కదప్పా. పాతది తీయకుండానే కొత్తది ఎక్కిచ్చేసినారు. ఎవరు బిగిచ్చింది ఇది?"

మా ఆయన తన తండ్రి వైపు తిరిగారు. మామగారి చెయ్యి అప్పటికే జేబులోకి, తాళంచెవి దగ్గరికి పోయింది. ఆ చెయ్యి చూశాక నేను ఇంకేమీ ఆలోచించలేదు.

"నేనే బిగిచ్చినా. నేర్చుకుందామని నేనే అడిగి బిగిచ్చినా" అన్నాను.

మామగారు ఏదో అనబోయారు. కానీ మా ఆయన కోపమంతా అప్పటికే నా మీదికి మళ్ళింది, ఆడదానికి ఎందుకీ పనులని నడిరోడ్డు మీద నన్ను దులిపి వదిలిపెట్టారు. మేము హోసూరు చేరేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది, భోజనాల్లో కూడా చివరి పంక్తే దొరికింది. మా ఆడపడుచు ఆర్నెల్లు నాతో ముభావంగా ఉంది. ఇక ఏ పెళ్ళికి పోయినా, ఇది నువ్వు బిగించిన బండేనా, ఎక్కొచ్చా అని చుట్టాలు నన్ను ఆటపట్టించడం మామూలైపోయింది. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేదాన్ని. తాళంచెవి మాత్రం మామగారి జేబులోనే ఉండిపోయింది.

ఆయన నాతో పది రోజులు మాట్లాడలేదు. నేను చేసిన మేలుకు మనసు కరిగిపోయి మాటలు రావడం లేదేమోనని వెర్రిగా మురిసిపోయాను. పదకొండో రోజు నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నారు. పాత ఫిల్టరు నా చేతికి ఇచ్చినప్పుడు గాడిలో రింగు లేదని చూసినావా అని అడిగారు. చూశానన్నాను. అప్పుడు ఆయన ముఖం ఎర్రబడటం చూశాను, అంతకుముందు గానీ ఆ తర్వాత గానీ ఆయన నా మీద కోప్పడింది లేదు.

"చూసి ఎందుకు చెప్పలే? కన్ను పోతే అద్దాలు ఉండాయి, ఆపరేషన్ ఉండాది. నువ్వు గూడా నోరు మూసుకుంటే నేనెవర్ని అడగాలమ్మా?"

ఏడ్చేశాను. రోడ్డు మీద నా మీద వేసుకున్న నింద గురించి ఆయన ఒక్క ముక్క అడగలేదు, కారు పక్కన కూర్చుని మింగేసిన మాట గురించే అడిగారు. మరుసటి వారమే ఆయన్ను బస్సులో కళ్ళాసుపత్రికి తీసుకుపోయాను, రెండు కళ్ళకూ పొరలు తీయించాం. ఆ తర్వాత ఆయిల్ మార్చేటప్పుడు గోనెసంచీ మీద పడుకున్నది నేను, పీట మీద కూర్చున్నది ఆయన. నేను తుడిచిన చోట మళ్ళీ వేలితో తడిమి చూడమనేవారు. ఆయన ఏదైనా తప్పు చెబితే అది తప్పని నేను ముఖం మీదే చెప్పేదాన్ని. కాదు నేను చెప్పిందే రైటు అని ఆయన, కాదు మామా అని నేను, మా వాదనకు పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూసేవాళ్ళు. అవి నా జీవితంలో మంచి రోజులు, ఎవరేమన్నా సరే. తాళంచెవిని చాలా ఏళ్ళ తర్వాత, ఎవరూ అడగకుండా, ఆయనే ఒక పొద్దున కొడుకు చేతిలో పెట్టారు.

ఇప్పుడు కారే చెబుతుంది, ఎప్పుడు ఏది మార్చాలో. మార్చింది ఎవరో, ఏ రోజో, ఏ గంటకో అన్నీ ఫోనులోకి వచ్చేస్తాయి, ఎవరి తప్పును ఎవరూ నెత్తిన వేసుకోనక్కరలేదు. సుఖమే, కాదనను, నడుము నొప్పితో కారు కింద దూరమంటే ఇప్పుడు నావల్లా కాదు. కానీ ఒకరు పని చేస్తుంటే ఇంకొకరు పక్కన పీట వేసుకుని కూర్చునే ఆదివారాలు కూడా ఆ పనితోపాటే పోయాయి. మా ఇంట్లో ముగ్గురం మూడు గదుల్లో ఉంటున్నాం. ఎవరి చూపు మందగిస్తోందో, ఎవరు ఏ మాట మింగుతున్నారో కనిపెట్టేంత దగ్గరగా ఎవరి పక్కనా ఎవరూ కూర్చోవడం లేదు.

వ్యాను వెళ్ళిపోయాక మా ఆయన పేపరు మడిచి, నా వైపు చూడకుండానే అడిగారు, ఆ రోజు ఆ ఫిల్టరు నిజంగా నువ్వే బిగించావా అని. ఇన్నేళ్ళలో ఆయన అడగడం ఇదే మొదటిసారి. నేనేనని చెప్పాను. అది అబద్ధమని ఇప్పుడు నాకే అనిపించడం లేదు. బిగించింది ఎవరి చెయ్యైనా, రింగు లేని గాడిని చూసి ఊరుకున్నది నేనే కదా. అంత మాత్రం మా ఆయనతో చెప్పి ఉండవచ్చు, ఆ మాట కూడా మింగేశాను. చూసి ఎందుకు చెప్పలేదని కోప్పడే మామగారు ఇప్పుడు లేరు.