పరుపుల మస్తానమ్మ ఎంచిన రోలర్

సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి రాగానే మా అమ్మాయి రేవతి బూట్లు విప్పి, వసారాలో చాప పరుచుకుని కూర్చుంటుంది. పిక్క కింద నీలం రంగు ఫోమ్ రోలర్ పెట్టుకుని, రెండు చేతులూ వెనక్కు ఆనించి, మెల్లగా ముందుకూ వెనక్కూ కదులుతుంది. కింద చాప కరకరమంటుంది. పగలంతా ఎండ తగిలిన ఆ ఫోమ్ నుంచి చెప్పుల అంగట్లో వచ్చే కొత్త వాసన లేస్తుంది. నేను వంటింట్లో పులుసుకు చింతపండు పిసుకుతూ ఉంటాను. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, మస్తానమ్మక్క వచ్చి గడప దగ్గర నిలబడినట్టే ఉంటుంది. మీరు ఆమెను చూడలేదు. చూసి ఉంటే నేను ఇంత రాసే పనే లేదు.

రోలర్ అంటే మరేం కాదు, గుండ్రంగా చుట్టిన గట్టి దిండు లాంటిది. పరుగులు తీసినవాళ్ళు, కసరత్తులు చేసినవాళ్ళు బిగుసుకున్న కండను దాని మీద పెట్టి దొర్లించుకుంటారు. మస్తానమ్మక్కకు ఆ పేరు కూడా సరిగా నోరు తిరిగేది కాదు. అయినా మా ఇంట్లో ఉన్న రోలర్ ఆమె ఎంచినదే.

ఆమెకు తిరుపతిలో, మా వీధి మలుపులో పరుపుల అంగడి ఉండేది. దూదేకుల వాళ్ళు. తాతల నాటి నుంచి దూది ఏకి పరుపులు కుట్టడమే వాళ్ళ పని. తరువాత జనం ఫోమ్ పరుపులు అడగడం మొదలుపెట్టాక ఆమె గొణుక్కుంటూనే ఫోమ్ కూడా తెచ్చి కోసి అమ్మింది. నేను వడమాలపేట నుంచి కొత్త కోడలిగా ఈ వీధికి వచ్చినప్పుడు నాకు వచ్చిన చదువు నాలుగో తరగతి. వచ్చిన పని వరి నాట్లు. పట్నంలో నాట్లు ఎక్కడివి? ఆమె నన్ను పిలిచి చేతికి దబ్బనం ఇచ్చి, దిండు మూతి కుట్టమంది. ఆ రోజు సాయంత్రానికి దూది పడి నా తలంతా తెల్లబడింది. ఇంటికి వెళితే మా ఆయన చూసి, "పొద్దున పోయినప్పుడు పడుచుదానివే కదా!" అని నవ్వాడు. అలా మొదలైన పని చాలా ఏళ్ళు సాగింది.

అంగట్లో ఆమె పద్ధతి ఒకటి ఉండేది. మనిషిని పడుకోబెట్టకుండా పరుపు అమ్మేది కాదు. ఒకసారి బియ్యం వ్యాపారం చేసే భారీ మనిషి ఒకాయన వచ్చాడు. నడుము నొప్పట. పరుపు బండరాయిలా ఉండాలన్నాడు. ఎవరో చెప్పారట, ఎంత గట్టిగా ఉంటే నడుముకు అంత మంచిదని. మస్తానమ్మక్క మారు మాట్లాడకుండా ఉన్నవాటిలో గట్టి పరుపు మీద ఆయన్ను పడుకోమంది. తను పరుపును చూడలేదు. ఆయన మొహం వైపే చూస్తూ నిలబడింది.

"ఎట్లుండాది సామీ?"

"బాగుండాది."

"బాగుంటే ఊపిరి యాల బిగబట్టినావు? వదులు."

ఆయన ఊపిరి వదిలి, సిగ్గుపడి, "కొంచెం ఒత్తుకుంటా ఉండాది" అన్నాడు. ఆమె దాని మీద మెత్తటి దూది పొర ఒకటి వేసి మళ్ళీ పడుకోబెట్టింది. ఈసారి ఆయన కాళ్ళు బారచాపాడు. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి గురక పెట్టాడు. అంగట్లో కుట్టే ఆడవాళ్ళం అందరం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాం. ఆమె నవ్వకుండా నా వైపు తిరిగి, "సూస్తివా మునీ, పరుపుని సూసి పరుపు కుట్టకూడదు. మనిషిని సూసి కుట్టాల" అంది. నా పేరు మునిలక్ష్మి. అంత పేరు పలకడానికి ఆమెకు ఎప్పుడూ తీరిక లేదు.

ఇక రేవతి సంగతి. డిగ్రీ అయ్యాక మా అమ్మాయి శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. తెల్లారకముందే బస్సు ఎక్కేది. కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రకటన పడగానే ఆ పని మానేసి చదువుకు కూర్చుంది. మొదటి రాత పరీక్ష గట్టెక్కింది. తరువాత పరుగు పరీక్ష. అది పోతే మళ్ళీ ప్రకటన ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. పడేనాటికి వయసు దాటిపోతుంది. అది మా ముగ్గురికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు. రోజూ పొద్దున్నే మా ఆయన ఆటోలో మైదానానికి తీసుకుపోయేవాడు. పరుగు పరీక్ష దగ్గరపడుతుండగా ఒక రోజు ఆటో దిగి కుడి కాలు ఈడ్చుకుంటూ ఇంట్లోకి వచ్చింది. పిక్క పట్టేసింది. మెట్టు దిగాలంటే గోడ పట్టుకుంటోంది.

మా వైపు ఎవరికి కాలు నొచ్చినా బండి ముందు పుత్తూరు వైపే తిరుగుతుంది. సైకిల్ మీంచి పడినా, ఆవు తన్నినా, ఎముకలు సరిచేసే వాళ్ళ దగ్గరికి పోయి కట్టు కట్టించుకుంటేనే మనసు కుదుటపడుతుంది. మా ఆయన ఆటో తాళం తీసుకుని నిలబడ్డాడు.

"కట్టు కడితే నేనెట్ల పరిగెత్తేది నాయనా?" అని రేవతి ఏడుపు మొదలుపెట్టింది.

"ఎముకకి ఏమన్నా అయ్యుంటే? పరుగు కంటే కాలు పెద్దది గదా పాపా."

ఇద్దరి మాటా నిజమే. చివరికి ముగ్గురం ఆటో ఎక్కాం. పుత్తూరులో ఆ పెద్దాయన రేవతి కాలు ఒడిలో పెట్టుకుని, మోకాలి నుంచి మడమ దాకా వేళ్ళతో తడిమాడు. ఒక చోట ఆగాడు. నా గుండె కూడా అక్కడే ఆగింది. ఆయన మెల్లగా కాలు కింద పెట్టి, "ఎముకకేం కాలేదమ్మా. కండ బిగుసుకుంది, అంతే. దీనికి కట్టెందుకు? నాలుగు దినాలు పరుగు ఆపు. మెల్లగా మర్దన చేసుకో, సాలు" అన్నాడు. బయటకు వచ్చి మేము ముగ్గురం రోడ్డు పక్క బండి దగ్గర బజ్జీలు తిన్నాం. అంత రుచి బజ్జీలు నేను మళ్ళీ తినలేదు.

ఆ సంతోషంలోనే మా ఆయన పొరపాటు చేశాడు. కండకు మర్దన అని చెప్పారు కదా అని, తిరుపతికి రాగానే ఆటల సామాన్ల అంగడికి పోయి ఒక రోలర్ కొనుక్కొచ్చాడు. గట్టి గొట్టం, దాని నిండా బొడిపెలు. నల్లగా నిగనిగలాడుతోంది. "ఉండేవాట్లో ఇదే గట్టిది" అని మీసం దువ్వుకున్నాడు. నొప్పి పుట్టకపోతే మందు పనిచేసినట్టు కాదన్నది మా ఇళ్ళల్లో అందరి నమ్మకం. కషాయం చేదుగా ఉండాలి, నొప్పికి రాసే జిందా తిలిస్మాత్ మండాలి. రేవతి నోట్లో తువ్వాలు కుక్కుకుని దాని మీద పిక్క పెట్టి దొర్లించింది. రెండో రోజుకు పిక్క మీద నీలంగా కమిలిన మచ్చలు లేచాయి. అప్పటిదాకా గోడ పట్టుకుని నడిచేది, ఇప్పుడు లేవలేకపోయింది.

నేను అంగడికి వెళ్ళలేదని మస్తానమ్మక్కే వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. మంచం పక్కన ఉన్న ఆ వస్తువును కాలితో తోసి చూసింది.

"ఏమబ్బా సుబ్రమణ్యం, బిడ్డ కాలికి పనసకాయ తెచ్చినావా?"

"మంచిదని తెచ్చినానక్కా. గట్టిగా ఉంటే..."

"గట్టిగా ఉంటే గోడకేసి కొట్టుకోమను, ఊరికే అవుతాది గదా!"

మా ఆయన ఆటో తుడిచే నెపంతో బయటకు జారుకున్నాడు. ఆమె రేవతి పక్కన కూర్చుని, కమిలిన చోట తాకకుండా చుట్టూ చూసింది. "ఇది తగ్గిందాకా దీని మీద ఏదీ పెట్టొద్దు. తగ్గినాక నేను వస్తా. ముగ్గురం పోదాం ఆ ఆటల సామాన్ల అంగడికి" అంది.

మచ్చలు పసుపు రంగుకు తిరిగి మాయమయ్యాక వెళ్ళాం. అంగడి కుర్రాయన మర్యాదస్తుడే. రోలర్లన్నీ తీసి వరసగా నిలబెట్టాడు. మస్తానమ్మక్క ఒక్కొక్క దాన్నీ బొటనవేలితో నొక్కి, వదిలి, చూసింది. తెల్లది ఒకటి మెత్తగా బాగుంది, కానీ వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. "ఇది నెల తిరక్కుండా అప్పచ్చి అవుతాది" అని పక్కన పెట్టింది. ఇంకొకటి అసలు నొక్కుకోలేదు. పొట్టిది ఒకటి ఉంది. దాని మీద ఒక కాలు పెడితే జారి పక్కకు పోతుందని, వీపుకు అసలే పనికిరాదని వద్దంది. మిగిలినవి రెండు. రెండూ నునుపువే, ఒక మాదిరి పొడవువే. నీలంది వేలికి కొద్దిగా లొంగి, వదలగానే లేచింది. బూడిద రంగుది గట్టిది.

"పాపా, పడుకో" అంది.

"ఈడనా పెద్దమ్మా?"

కుర్రాయన కంగారుపడ్డాడు. "అమ్మా, కస్టమర్లు వస్తా ఉంటారు..."

"మేమెవరం నాయనా, చుట్టాలమా? మేమూ కస్టమర్లమే" అని ఆమె సంచిలోంచి దుప్పటి తీసి అంగడి నడుమ పరిచేసింది. ఇంటి నుంచే తెచ్చుకుంది మహాతల్లి.

రేవతి కూర్చుని బూడిద రంగు దాని మీద పిక్క పెట్టింది. పళ్ళ బిగువున దొర్లించి, "ఇదే తీసుకుందాం" అంది. మస్తానమ్మక్క నీలంది ముందుకు తోసింది. రేవతి దాన్ని చేత్తో కూడా తాకలేదు.

"అది మెత్తది పెద్దమ్మా. సుకానికి పనికొస్తాది, పరుక్కి కాదు. నొయ్యకపోతే కండ ఎట్ల వదులుతాది?"

"ఎవరు సెప్పినారు నీకు?"

రేవతి నా వైపు చూసింది. "సెప్పాల్నా? మాయమ్మ ఎప్పుడన్నా నొప్పి అని పడుకునిందా? పొద్దంతా కుడతాది, ఇంటికొచ్చి వండతాది. జొరమొచ్చినా గుడ్డలుతుకుతాది. ఆమెకి లేని సుకం నాకెందుకు?"

ఆ మాట పొగడ్తో, దెప్పో నాకు తెలియలేదు. చెంప మీద మాత్రం వేడిగా తగిలింది. మస్తానమ్మక్క నన్ను కాసేపు అలాగే చూసింది. పరుపు కొనడానికి వచ్చినవాళ్ళను చూసినట్టు.

"అట్లనా. అయితే ముందు మీయమ్మ పడుకుంటాది. కూసో మునీ."

"నేనా? నాకేం నొప్పి లేదక్కా."

"ఊపిరి బిగబట్టుకోని సెప్తా ఉండావు. కూసో మే."

చీర కుచ్చిళ్ళు సర్దుకుని, కుర్రాయన అటు తిరిగేదాకా ఆగి, దుప్పటి మీద కూర్చున్నాను. ఆమె నీలం రోలర్ నా పిక్క కింద పెట్టి, మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా జరిపింది. ముందు ఏమీ తెలియలేదు. తరువాత లోపల ఎక్కడో, ఎన్నాళ్ళుగానో నేను కాలే అనుకుంటున్నది కాలు కాదు, బిగుసుకున్న నొప్పి అని తెలిసింది. అది మంచులా కరుగుతోంది. నాకు తెలియకుండానే నోట్లోంచి "అమ్మా" అని వచ్చేసింది. అది బాధతో వచ్చిన అమ్మా కాదు. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు వెనక్కు ఆనించి ఉన్నాయి. ముక్కు కారుతుంటే నవ్వు వచ్చింది. నవ్వుతూ ఏడుస్తున్న నన్ను చూసి కుర్రాయన పరుగున నీళ్ళు తెచ్చాడు.

మస్తానమ్మక్క రేవతితో, "సూస్తివా? నొయ్యకుండానే వదిలింది. మీయమ్మ పడుకోలేదంటే నొప్పి లేక కాదు పాపా. పడుకోమని ఎవరూ సెప్పక" అంది.

రేవతి నా పక్కన వచ్చి కూర్చుని, నా రెండో కాలు తనే దొర్లించింది. తరువాత తన పిక్క పెట్టుకుంది. ఈసారి పళ్ళు బిగించలేదు.

పరుగు పరీక్ష నాడు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. గోడ బయట నీడలో నేనూ మస్తానమ్మక్కా కూర్చున్నాం. మా ఆయన నిలవలేక ఆటోను ఊరికే అటు తిప్పి ఇటు తిప్పుతున్నాడు. లోపల ఈలలు వినిపించినప్పుడల్లా నేను లేచేదాన్ని. ఆమె కొంగు పట్టి కూర్చోబెట్టేది. "నువ్వు లేస్తే ఆడ పాప కాలు లేస్తాదా? బొరుగులు తిను" అని పొట్లం నా చేతిలో పెట్టింది. ఆమె చేతిలోనివి మాత్రం ఒక్కటీ నోటికి పోలేదు. అది నేను చూశాను.

గేటు తీశారు. ఆడపిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు. కొందరు ఏడుస్తూ, కొందరు ఒకరి మీద ఒకరు వాలి. రేవతి బూట్లు చేతిలో పట్టుకుని, వట్టి కాళ్ళతో తిన్నగా నడిచి వచ్చింది. మా ఆయన ఆటో రోడ్డు మధ్యలోనే వదిలేసి వచ్చాడు.

"ఏమైంది పాపా?"

"ఆకలవుతా ఉండాది."

"అది కాదే, పరుగు!"

"క్వాలిఫై నాయనా."

"కాలు నొచ్చిందా?"

"పరిగెత్తితే ఎంత నొయ్యాల్నో అంతే నొచ్చింది. మామూలు నొప్పే."

మా ఆయన తిరిగి వెళ్ళి ఆటో హ్యాండిలు మీద తల ఆనించుకున్నాడు. వెనక బస్సు హారన్ కొడుతున్నా లేవలేదు. మస్తానమ్మక్క నిట్టూర్చి, చేతిలోని బొరుగులన్నీ ఒక్కసారే నోట్లో పోసుకుంది. నిండు నోటితో, "ఇంక పదండి, అంగట్లో పనుండాది" అంది.

రేవతి తరువాతి పరీక్ష కూడా గట్టెక్కి కానిస్టేబుల్ అయింది. మస్తానమ్మక్క పోయి రెండేళ్ళయింది. చివరి దాకా లేచి తిరుగుతూనే ఉంది, ఎవరినీ కష్టపెట్టలేదు. ఇప్పుడు ఆ అంగట్లో నేనూ, ఆమె కోడలూ కలిసి కుడుతున్నాం. వీధిలో కసరత్తులకు పోయే పిల్లలు రోలర్ కొనేముందు నా దగ్గరికి వచ్చి అడుగుతారు. ముందు దాని మీద పడుకుని చూడండి, తరువాత కొనండి అని చెబుతాను. చెప్పడం సులువే. నాకు పట్టుబడడానికి చాలా కాలం పట్టింది మాత్రం వేరొకటి. మధ్యాహ్నం భోజనం అయ్యాక కాసేపు చాప మీద పడుకుంటాను. ఇదివరకైతే ఎవరైనా తలుపు తడితే గభాలున లేచి, "ఏం లేదు, ఊరికే నడుము వాల్చినాను" అని తప్పు చేసినదానిలా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు లేవను. పడుకునే చెబుతాను: "పడుకోని ఉండా. కూసో, వస్తా."