బాణాలు ఊడిపోయిన చార్టు

మెదక్‌ల మా బడిల ఎనిమిదో తరగతి రేకుల రూముల నడుస్తది. వాతావరణ మార్పు ఎట్ల పనిచేస్తదో సమజ్ కావాలెనని ఇయ్యాల పిల్లలతోని చార్టు చేయించిన. గడులు గీసి, వాటి నడుమ రంగు కాగితం బాణాలు టేపుతోని అతికించిండ్రు. ఎండలు ముదిరితే చెరువు ఎండుతది, చెరువు ఎండితే నాట్లు ఆగుతయి. ఇంకో బాణం ఎండల నుంచి సీదా ‘పిల్లలకు ఎండదెబ్బ’ అన్న గడికి పోతది.

పదకొండు కొట్టకముందే రేకుల వేడికి టేపు పట్టు ఇడిసింది. బాణాలన్నీ రాలి కిందపడ్డయి. హెడ్మాస్టర్ సారు చూసి పరేషాన్ అయిండు.

"రేపు పెద్ద ఆఫీసర్లు వస్తుండ్రు మేడం. బాణాలు మళ్ల అతికించి, దీన్ని నా రూముల కూలర్ ముంగట పెట్టుండ్రి."

చార్టు పట్టుకున్న షాహీన్ అడిగింది: "మేం గూడ ఆడనే కూసోవచ్చా సార్?"

"మీకేమైతది? మీరేమన్న ఊడిపోతరా?" అన్నడు.

పిల్లలు పడిపడి నవ్విండ్రు. నాకు మాత్రం నవ్వు రాలే.

ఇప్పుడు చార్టు చల్లగున్నది. ఎనిమిదో తరగతి రేపు గూడ రేకుల కిందనే. ఆఫీసర్లకు ఆ చార్టు చదివి చెప్పాల్సింది నేనే. ‘పిల్లలకు ఎండదెబ్బ’ అన్న గడి కాడికి వచ్చినంక ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె? జర మీరే చెప్పుండ్రి.