పుంగనూరు అవ్వ దబర

మీసం మొలిచీ మొలవని ఆ రోజుల్లో నా అంత తెలివైనవాడు ఇంకొకడు లేడని నా నమ్మకం. లైసెన్సు చేతికొచ్చాక అది మరీ ముదిరింది. మదనపల్లె మార్కెట్లో టమోటా పెట్టెలు ఎక్కించుకుని కుప్పానికి తోలే వ్యానుకు నేను కొత్త డ్రైవర్ని. పని దొరికిన సంతోషంలో కుప్పం పెద్దమ్మ (మా అమ్మకు అక్క, ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెబుతుంది) వ్యాను ముందద్దం మీద 'యేసు' అని ఎర్ర అక్షరాలు అంటించి ప్రార్థన చేసింది. నేను దాన్ని తాయెత్తు కింద లెక్కేసుకున్నాను. ఇక పోలీసు ఆపడు, టైరు పంక్చరు కాదు, ఓనరు తిట్టడు. బ్రేకు కంటే హారనే ఎక్కువ వాడేవాణ్ణి.

ఒక రోజు పుంగనూరు బస్టాండు దగ్గర టీ తాగి, సెల్లు చూసుకుంటూ బండి రివర్సు తీశాను. వెనక ఉడికిన శెనక్కాయలమ్మే ఒక అవ్వ తోపుడుబండి ఉంది. అవ్వకేమీ కాలేదు కానీ, దబర గిన్నె బోర్లాపడి అందులోని కాయలన్నీ మురుగుకాలవ పాలయ్యాయి. దిగి తప్పయిందని చెప్పాల్సింది పోయి, గేరు మార్చి పారిపోయాను. పక్కద్దంలో చూస్తే ఖాళీ దబర కొంతదూరం నా వెంటే దొర్లుకుంటూ వచ్చింది (నా అంత సిగ్గులేనిది కాదు కాబట్టి ఆగిపోయింది).

ఊరు దాటాక భయం పట్టుకుంది. అద్దం మీది పేరు చెప్పి నన్ను వెతికితే ఉన్న పని ఊడుతుంది. బండి ఆపి ఆ అక్షరాలను గోళ్ళతో గీకేశాను. బంక మాత్రం పోలేదు. కుప్పం చేరేసరికి దారి దుమ్మంతా ఆ బంకకే పట్టి, 'యేసు' మునుపటికంటే బాగా కనబడుతోంది.

ఎండకు ఊడిపోయిందని పెద్దమ్మతో బొంకాను. ఆమె నా ఎర్రటి గోళ్ళు చూసి, సంగటి వడ్డించింది. రెండో ముద్దకే జరిగిందంతా కక్కేశాను. పైగా, ఆ పేరున్నా నన్ను కాపాడలేదే అని నిష్ఠూరమాడాను.

"దొరక్కుండా దాసిపెట్టేదానికి కాదప్పా ఆ పేరు ఉండేది. యేసు అంటే పాపంలోనుంచి రక్షించేవాడని అర్థం. నువ్వు ఆ పాపాన్నే పక్కసీట్లో కూసోబెట్టుకోని తిరగతాంటే ఆయప్ప యాడ కూసుంటాడు?" అంది.

తర్వాత తన చేలో పండిన శెనక్కాయల మూట తెచ్చి బండిలో వేసింది. తప్పు నాది, మూట పెద్దమ్మది. రక్షణ గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా, నాకు అర్థమైంది మాత్రం ఆ మూట బరువుకే.

సాయంత్రం పుంగనూరు బస్టాండు దగ్గర మూట భుజానికెత్తుకుని బండి దిగాను. నలుగురూ చేరి తంతారని, ఓనరుకు ఫోను చేస్తారని సిద్ధపడే వెళ్ళాను. సొట్టపడ్డ దబర ముందేసుకుని అవ్వ అక్కడే కూర్చుని ఉంది. అవ్వా, పొద్దున గుద్దింది నేనే అన్నాను. ఆమె నన్ను, మూటను, అద్దాన్ని వరసగా చూసింది.

"నాకు సదువు రాదు నాయినా. పక్కంగిడాయప్ప అద్దం మింద పేరు సదివి సెప్పినాడు. ఆ పేరు పెట్టుకున్నోడు తిరిగి రాకుండా యాడికి పోతాడులే అని ఈడనే కూసోనుండాను."

నేను గీకి పారేసిన పేరును నమ్మి ఆ అవ్వ నా కోసం ఎదురుచూసింది. నడిబజార్లో ఏడ్చేశాను. ఆ తెలివైన డ్రైవరు తలపుకొస్తే ఇప్పుడూ నవ్వొస్తుంది, కళ్ళూ తడుస్తాయి. పాపం, ఆ రోజు వాణ్ణి కాపాడడానికి ఇద్దరు ముసలివాళ్ళు కావలసివచ్చింది.