ఖాళీ జాగాలో శంకుస్థాపన

ఎవరూ రాలేదని రాసుకున్నారు. జనం రాలేని రోజు చూసి పిలిచి, ఎవరూ రాలేదని రాసుకున్నారు. దాని కిందే, ప్రజలకు ఏ అభ్యంతరమూ లేదని కూడా రాసుకున్నారు. ఇన్నేళ్ళయినా ఆ మాట మీద నా కోపం చల్లారలేదు. చల్లారనివ్వను కూడా.

అది చైనా యుద్ధానికి ముందటి ఏడాది. బళ్ళారి కౌల్ బజార్‌లో నాకు మైకుసెట్లు బాడుగకిచ్చే అంగడి ఉండేది. ఈ కాలం వాళ్ళకు మైకుసెట్టు అంటే ఒక పెట్టె. మాకది ఒక సంసారం. గొంతును పెద్దది చేసే ఆంప్లిఫయర్, ఉమ్మెత్తపువ్వు ఆకారంలో హారన్లు, కరెంటు లేని ఊళ్ళకు లారీ బ్యాటరీ, పాటలకు గ్రామఫోను. అన్నిటినీ బస్సు టాపు మీద కట్టుకుని జిల్లా అంతా తిరిగేవాణ్ణి. పెళ్ళికీ నేనే, పౌరాణిక నాటకానికీ నేనే, మంత్రిగారి ఉపన్యాసానికీ నేనే. బడిలో నేను చదివింది చాలా తక్కువ. అంగడి బోర్డులు, రికార్డుల అట్టల మీది అక్షరాలు, పొట్లాలు కట్టిన పాత పేపర్లు, ఇవే నా వాచకాలు. తెలుగూ కన్నడమూ అట్లాగే వచ్చాయి. ఇక ఉపన్యాసాలు వినీ వినీ, ఎవరి మాటలో సరుకుందో, ఎవరిది ఉత్త హారనో కనిపెట్టే విద్య కూడా వచ్చింది.

తెక్కలకోట దారిలో ఒక చిన్న ఊరు. పేరు చెప్పను. అప్పటి పెద్దల మనవలు ఇప్పుడు నాకు మంచి స్నేహితులు. ఆ ఊళ్ళో మగ్గాల గేరి అని నేతవాళ్ళ వీధి ఉంది. గేరి చివర పొడుగాటి ఖాళీ మైదానం. దాన్ని పడుగు బయలు అంటారు.

ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి, ఎందుకంటే కథంతా దానిమీదే నిలబడింది. చీర నేయడానికి ముందు నిలువు దారాలనన్నిటినీ పొడుగ్గా చాపి, కొయ్యలు పాతి బిగించి, గంజి పట్టించి, పెద్ద పెద్ద కుంచెలతో దువ్వాలి. ఆ దారాల వరుసే పడుగు. ఇంటిలో దానికి చోటు చాలదు, బయలు కావాలి. ఆ పని తెల్లవారుజామునే చేయాలి. ఎండ ముదిరితే గంజి గబగబా ఆరిపోయి పోగులు పుటుక్కుమంటాయి. అందుకని కోడి కూసే వేళకు గేరి గేరంతా అక్కడే ఉంటుంది. ఆఫీసులు తెరిచే వేళకు పడుగులు చుట్టేసి, కొయ్యలు పీకేసి, అందరూ ఇళ్ళల్లో మగ్గాల ముందుంటారు. అంటే, ఆఫీసరు వచ్చే వేళకు అక్కడ ఏమీ కనపడదు.

ఆ ఊరి మునిసిపాలిటీకి ఒక లారీస్టాండు, దాని చుట్టూ అంగడి గదులు కట్టాలని బుద్ధి పుట్టింది. మంచిదే. చోటు చూడటానికి ప్రెసిడెంటూ ఇంజనీరూ వస్తున్నారని ముందురోజే గేరికి కబురొచ్చింది. ఆ కబురు వినగానే గేరివాళ్ళు ఏం చేశారో తెలుసా? ఆ పొద్దుటి పని మానుకున్నారు. దొరల బూట్లకు తగులుతాయని కొయ్యలన్నీ పీకేశారు. బయలంతా ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గులు పెట్టారు. నన్ను పిలిపించి గ్రామఫోను పాటలు కూడా వేయించారు.

ఇంజనీరు మైసూరు వైపు మనిషి. తెలుగు కొంచెం కొంచెం నేర్చుకుంటున్నాడు. ముగ్గుల మధ్య నిలబడి, నాలుగు దిక్కులా చూసి, "పూరా ఖాళీ జాగా. చెన్నాగిదె" అని మెచ్చుకున్నాడు. గేరిపెద్ద సిద్దప్ప చేతులు కట్టుకుని, బాగుందన్నారని మురిసిపోయాడు. నిమ్మకాయ షర్బత్ ఇప్పించాడు.

తర్వాత విచారణ. పట్టణంలో ఏదైనా కొత్తగా కట్టేముందు జనాన్ని పిలిచి అభ్యంతరాలు అడగాలని రూలు. అడిగారు. ఎప్పుడు? సంత రోజున. గేరిలో నడవగలిగినవాళ్ళంతా గుడ్డల మూటలెత్తుకుని సంతకు పోయే రోజున. మునిసిపల్ ఆఫీసు హాల్లో మైకు పెట్టింది నేనే. కుర్చీలు ఖాళీ. ప్రెసిడెంటు గోడ గడియారం వైపు చూశాడు. ఇంజనీరు కాఫీ తాగాడు. గుమాస్తా కలం తీసి, ఎవరూ రాలేదు కాబట్టి అభ్యంతరం లేనట్టే అని చదువుతూ రాయడం మొదలుపెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. మైకు నా చేతిలోనే ఉంది.

"సార్, ఒక మాట. ఆ జాగా ఖాళీగా ఉండాదని మీకు ఎవరు చెప్పినారు?"

హారన్లు బయట కట్టి ఉన్నాయి, వీధంతా వినపడింది. ఇంజనీరు కప్పు కింద పెట్టాడు.

"ఏయ్ మైకు! నువ్వు బాడుగకి వచ్చినవాడివి. పబ్లిక్ కాదు. నీ పని చూసుకో."

"బాడుగకి వచ్చినోడు మనిషి కాదా సార్?"

"మైకు ఆఫ్ చెయ్యి" అన్నాడు ప్రెసిడెంటు.

ఆఫ్ చేశాను. నా ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు. ఆ సాయంత్రం సంతనుంచి తిరిగొచ్చిన సిద్దప్పకు జరిగిందంతా చెబితే, ఆయన తల గోక్కుని, "పెద్దోళ్ళు గదప్పా ఓబన్నా. మనకి అన్యాయం చేస్తారా? వేరే జాగా చూపిస్తారులే" అన్నాడు. వేరే జాగా ఎవరు చూపిస్తారు? వీళ్ళకు ఈ జాగా అవసరమని తెలిస్తే కదా! బయలు పోతే పడుగు లేదు, పడుగు లేకపోతే మగ్గం లేదు. మగ్గం ఆగితే గేరి మొత్తం సుగ్గికి, అంటే పంటకోతల కూలికి పోవాల్సిందే. ఆ సంగతి గేరిలో అందరికీ తెలుసు. ఎవరూ నోరు విప్పరు. ఆఫీసుకు పోయి చెబుదాం రమ్మంటే, "మురికి గుడ్డలతో ఆఫీసుకి యట్ల పోవాల్ల?" అంటారు.

చలికాలంలో శంకుస్థాపనకు ముహూర్తం పెట్టారు. ప్రెసిడెంటుకు ముహూర్తాల మీద మహా నమ్మకం. పురోహితుడు పంచాంగం తిరగేసి, పొద్దు పొడిచిన కాసేపటికే దివ్యంగా ఉందన్నాడట. మైకుసెట్టుకు మళ్ళీ నాకే కబురు. ముందురోజు సాయంత్రం బస్సు దిగి గేరికి పోయేసరికి ఏముంది? ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని బయలుదేరుతున్నారు. సిద్దప్ప పేడనీళ్ళ బిందెలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఏందప్పా ఇది?" అన్నాను.

"రేపు దొరలొస్తాండారు గదా. పడుగులు ఎల్లుండి వేసుకుందాం. ఊడ్చి పెడ్తాండాము."

"ఎల్లుండి యాడ వేస్తావు? రేపు రాయి పాతితే ఎల్లుండి బయలు యాడుంటాది? నీ మర్యాదకి దండం సిద్దప్పా! మీరు ఊడ్చినందుకే ఆ మనిషి ఖాళీ అన్యాడు. ఇంగా ఊడుస్తారా?"

"వాళ్ళొచ్చే దారికి దారాలు అడ్డం పెట్టేదా? ఊరు నవ్వుతాది."

అప్పుడు చౌడమ్మ ముందుకొచ్చింది. సిద్దప్ప పెద్దమ్మ. ముసలిది, కుంచె పట్టిందంటే గేరిలో ఆమె తర్వాతే ఎవరైనా. నా వైపు చూసి, "ఓబన్నా, ముహూర్తం యా పొద్దుకి?" అంది.

"సూర్యుడు పుట్టినాంక కొంచెం సేపటికి అవ్వా."

ఆమె చేతిలోని చీపురును గోడకు ఆనించింది.

"అది మన పని పొద్దే గదా. వాళ్ళ పనికి వాళ్ళు వస్తారు, మన పని మనం చేస్తాం. మనం అడ్డం పెట్టేదేముండాది? చుట్టి పెట్టిండే పడుగులన్నీ బయటికి తీయండి. ఈరోజు ఊడ్చేది లేదు."

"పెద్దమ్మా!" అని సిద్దప్ప ఏదో అనబోయాడు.

"నువ్వు పేడనీళ్ళు ఎద్దులకొట్టం కాడ చల్లుకో పోరా" అంది. చీపుర్లన్నీ గోడకు చేరాయి.

మర్నాడు మంచు ఇంకా విడవలేదు. బయలు ఈ చివరినుంచి ఆ చివరి దాకా పడుగులే. తెల్లవీ, పసుపువీ, ఎర్రవీ. గేరిలోని మొగుళ్ళూ పెళ్ళాలూ అటొకరూ ఇటొకరూ నిలబడి కుంచెలు లాగుతున్నారు. గంజి వాసన గుప్పున కొడుతోంది. నేను చింతకొమ్మకు హారన్లు కట్టి, బ్యాటరీ తగిలించి కూర్చున్నాను. అంతలో బ్యాండు మేళం ముందు, పూలదండలు వెనక, ఎద్దులబండి మీద చెక్కిన రాయితో సహా ఊరేగింపు వచ్చింది. వచ్చి బయలు అంచున ఆగిపోయింది. అడుగు పెట్టే సందు లేదు.

"ఏందిది? యాల ఈ దారాలన్నీ?" అన్నాడు ప్రెసిడెంటు. "తీయండి, తీయండి!"

"తీస్తాం సామీ, గంజి ఆరినాంక" అంది చౌడమ్మ కుంచె ఆపకుండానే. "తడి మీద ముట్టితే పోగూ పోగూ అతుక్కుంటాది. అంతసేపూ ఆ పక్క కూర్చోండి."

గడ్డపార పట్టుకున్న కూలివాడు, "సామీ, గుంత యాడ తవ్వల్ల?" అని అడిగాడు. పురోహితుడు సూర్యుణ్ణి చూస్తున్నాడు, ప్రెసిడెంటు పురోహితుణ్ణి చూస్తున్నాడు. బ్యాండువాళ్ళు ఏం చేయాలో తోచక పెళ్ళిపాట ఎత్తుకున్నారు.

ప్రెసిడెంటు ఇక ఆగలేక జరీపంచె ఎత్తిపట్టి రెండు పడుగుల మధ్య దూరాడు. పంచె అంచు కొయ్యకు చిక్కుకుంది. లాగాడు. కొయ్య ఊడింది, చౌడమ్మ పడుగు ఒక కొస జారి నేలకు వంగింది.

"పట్టుకోండప్పా!" అని ఆమె కేక పెట్టింది. "మన్ను అంటితే చస్తాది!"

ఆ కొస పక్కనే ఇంజనీరు నిలబడి ఉన్నాడు. కేకకు బెదిరో, మంచితనానికో, చటుక్కున వంగి పడుగు కట్టిన కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు.

"అట్ల, అట్లనే! బిగువుగా లాగి పట్టుకో నాయనా. వదలొద్దు, కదలొద్దు."

వదిలితే పడుగు పోతుంది. కొయ్య మళ్ళీ పాతాలంటే తడి నేల పట్టదు. టోపీ పెట్టుకున్న ఇంజనీరు, చేతులకు గంజి కారుతుండగా, నాగలి పట్టినవాడిలా వెనక్కి వాలి నిలబడ్డాడు. గేరి పిల్లలు కిలకిలా నవ్వారు. ఆయనా కొంచెం నవ్వాడు.

నేను మైకు తీసుకుని వైరు ఈడ్చుకుంటూ చౌడమ్మ దగ్గరికి పోయాను.

"దీంట్లో చెప్పితే యాడికి పోతాది?" అంది అనుమానంగా.

"ఊరంతా పోతాదవ్వా."

"ఊరికి తెలిసిందే గదా. తెల్వనోళ్ళు ఈడనే ఉండారు. మైకెందుకు?"

బయలంతా గొల్లుమంది. అయినా మైకు ఆమె నోటి ముందు పెట్టాను. ఆమె కుంచె దింపి, ప్రెసిడెంటు వైపు తిరిగింది.

"ఆ పొద్దు మేము ఊడ్చినాము సామీ. మీరొస్తాండారని ఊడ్చినాము. మా ఇంటికొచ్చినోళ్ళు మా గిన్నెలు కడిగి బోర్లించి ఉండేది చూసి, వీళ్ళు అన్నమే తినరు అనుకుంటారా? ఇదే మా అన్నం. ఈ పొద్దు కడగలేదు, చూడండి."

హారన్లు ఆ మాటను ఊరి అవతలికి మోశాయి. అప్పుడు సిద్దప్ప, జీవితంలో మొదటిసారి అనుకుంటాను, అందరికీ వినపడేట్టు మాట్లాడాడు: "సామీ, ముహూర్తం దాటిపోయినట్లుండాది." పురోహితుడు తల ఊపాడు. రాయి ఎక్కిన బండి మీదే వెనక్కి పోయింది.

మునిసిపాలిటీ మళ్ళీ విచారణ పెట్టింది. ఈసారి పడుగు బయల్లోనే, పడుగులు చుట్టేసిన వెంటనే, సంత లేని రోజున. తెలుగులో, కన్నడంలో, కొందరు దక్కనీ ఉర్దూలో మాట్లాడారు. మైకు నాదే, బాడుగ తీసుకోలేదు. లారీస్టాండు ఊరి బయట పెద్దరోడ్డు పక్కకు పోయింది. అక్కడైతే లారీలకూ తిరగడానికి వీలని లారీవాళ్ళే చెప్పారు. వాళ్ళనీ అంతకుముందు ఎవరూ అడగలేదు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇదీ. జనాన్ని అడగాలంటే వాళ్ళు పనిచేసే చోటుకు, పనిచేసే వేళకు పోయి అడగాలి. అది ఆఫీసు తెలుసుకోవాల్సింది. మనం తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని మన బతుకును ఊడ్చి మూలకు పెట్టకూడదు. పెడితే, ఆయన కళ్ళకు మనం లేము. ఆయన తప్పు తర్వాత, ముందు చీపురు మనది.

ఇక నాకు రావలసిన జవాబు. ఆ పొద్దున రాయి వెనక్కి పోయాక కూడా ఇంజనీరు కర్ర వదల్లేదు. ఎండ ఇంకా ఎక్కలేదు, గంజి ఇంకా ఆరలేదు. రెండు చేతులూ ఖాళీ లేని ఆ మనిషి నోటి దగ్గర మైకు పెట్టి అడిగాను.

"సార్, హాల్లో ఒక మాట అడిగినా, మీరు చెప్పలేదు. ఇప్పుడన్నా చెప్పండి. ఈడ ఖాళీ జాగా ఉండాదా?"

ఆయన ఈ చివరినుంచి ఆ చివరి దాకా పడుగుల వైపు చూశాడు. నుదుటి చెమట తుడుచుకోవడానికి చేయి లేదు. నన్ను 'ఏయ్ మైకు' అన్న ఆ గొంతే, నా హారన్లలోంచి ఊరంతటికీ వినపడేట్టు అంది:

"ఈడ జాగా యాడుందప్పా!"