బోండాలు వద్దన్న పద్మావతి

పద్మావతికి కోపం ఎక్కువ, ఓపిక అంతకంటే ఎక్కువ. డెబ్భయ్యో పడిలో పడబోతూ మలికిపురం దగ్గర కొబ్బరితోటనీ, మంచాన పడ్డ మొగుణ్ణీ ఒక్కతే ఈడ్చుకొస్తోంది. బాపిరాజుగారికి ప్రోస్టేట్ క్యాన్సర్. ఎముకలకి పాకాకే బయటపడింది. అప్పట్నుంచీ సూదులూ, మాత్రలూనూ.

జబ్బుమనిషిని చూడ్డానికి ఆ ఊళ్ళో ఎవరూ ఉత్తచేతులతో రారు. ఎవరి తోటలో కొబ్బరిబోండాలు వాళ్ళు దింపించుకొస్తారు. "చలవండీ, మందుల వేడంతా లాగేస్తుంది" అంటారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. అందుకని కొట్టి ఇస్తూనే ఉంది, ఆయన తాగుతూనే ఉన్నారు. కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరాడక, గోడకి చేరగిలి కూర్చునే కునుకు తీసేవారు. ఎవరడిగినా ఆవిడ జవాబు ఒకటే: "క్యాన్సర్ కదండీ." ఇంకో మాట ఆలోచించే ఓపిక ఆవిడకీ లేదు, అడిగే ధైర్యం వాళ్ళకీ లేదు.

ఒకరోజు పొద్దున్న ఆయన పెరట్లోకి కూడా నడవలేక కూలబడిపోయారు. ఆవిడ అన్న ముత్యాలరాజు కారులో ఇద్దర్నీ అమలాపురం తీసుకెళ్ళేడు. అక్కడి డాక్టరమ్మ గుండె పరీక్ష చేయించి అడిగింది.

"నీళ్ళు ఎక్కువ తాగుతున్నారా?"

"నీళ్ళు తక్కువేనండీ. బోండాలే."

"ఎన్ని?"

"ఎవరెన్ని తెస్తే అన్నండీ."

డాక్టరమ్మ నిట్టూర్చింది. "ఈ ఆయాసం క్యాన్సర్‌ది కాదమ్మా, గుండెది. ఈ వయసులో, ఆ మందుల మీద ఉన్నవాళ్ళకి గుండె కూడా దెబ్బతినొచ్చు. ఒంట్లో నీరు చేరిపోయింది. నీళ్ళూ, మజ్జిగా, కాఫీ, అన్నీ కలిపి లీటరు దాటకూడదు. బోండాలు పూర్తిగా మానెయ్యండి."

ముత్యాలరాజు తల దించుకున్నాడు. గెలలకి గెలలు తెచ్చిన పుణ్యాత్ముడు ఆయనే మరి.

మర్నాటి నుంచి పద్మావతి వాకిట్లోనే అడ్డం నిలబడింది. పక్కింటి వీరాయమ్మ గెల దించబోతే, "పట్టుకుపో వదినా, ఆయన గుండెకి పడవు" అంది. వీరాయమ్మ మొహం గంటుపెట్టుకుని వెళ్ళిపోయింది. వీధంతా పద్మావతికి పొగరని చెప్పుకుంది. చెప్పుకోనీ. పోట్లాడే సత్తువ ఎక్కడుంది గనక!

కొత్త మాత్రలతో వాపు తీసింది. ఓ మధ్యాహ్నం ఆయన వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోయేరు. లేచేక అడిగేరు.

"గుండె సంగతి సరే. మరి క్యాన్సరో?"

"అది అలాగే ఉందండీ."

"అంటే దాంతో పోడానికి గుండెని బాగుచేయించుకుంటున్నానన్నమాట."

ఇన్నాళ్ళూ ఏదో ఒకటి చెప్పి సర్దేసేది. ఇవాళ అబద్ధం ఆడడానికి కూడా ఓపిక లేదు. మంచం పట్టె మీద కూలబడింది. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఆయ్, అంతేనండీ. ఊపిరాడక నా కళ్ళముందు కొట్టుకోకండి, చాలు. పోయే రోజున నాతో నాలుగు మాటలు చెప్పి వెళ్ళండి."