బరువు మోయని కాళ్లు

మా అన్న తాటిచెట్టు మీద నుంచి పడ్డాక ఖమ్మంలో తొడ ఎముకకు రాడ్డు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, జల్దీ నిలబెట్టండి, లేకుంటే కాలు పనికిరాకుండా పోతుందన్నాడు. అదే మాట ఇంట్లో చెప్పాను. ఎవరూ నమ్మలేదు. వాళ్లనీ అనలేం. నేను బూర్గంపాడు నుంచి భద్రాచలానికి ఆటో నడుపుతాను. గోదావరి వంతెన దాటేలోపు ఒక కథ అల్లేస్తాను. వరదలో మొసలి నా ఆటోను దాటుకుని పోయి, ఆటో స్టాండు వరసలో నాకంటే ముందు నంబరు కొట్టేసిందని చెప్పిన నోరు ఇది.

వదినకు ఇంకో నమ్మకం ఉండేది. "ఎముకంటే పచ్చి గోడసుంటిది మరిదీ. ఆరకముందే కదిలిస్తె కూలదా?" అంటూ అన్న కాళ్ల కింద దిండ్లు సర్దేది.

పైగా మా ఊళ్లో కల్లుగీసే వాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఒకడు పడితే వాడి చెట్లను మిగతావాళ్లు వంతులేసుకుని గీస్తారు. కల్లు వాడి గుమ్మానికే వస్తుంది. అన్న చెట్టు ఒక్కటీ ఒక్క పూటైనా ఎండలేదు. పొద్దున్నే కల్లు కుండ, అదే లొట్టి, వచ్చేది, దాని వెంట "నువ్వు పండుకో, మేం లేమా" అనే మాట వచ్చేది. చుట్టాలు బ్రెడ్డు, బత్తాయిలు తెచ్చి అదే మాట అనేవాళ్లు. నలుగురూ ఎత్తి కూర్చోబెట్టేవాళ్లు, ఎత్తి పడుకోబెట్టేవాళ్లు. అందరూ మంచివాళ్లే. వాళ్ల మంచితనంలో అన్న పిక్కలు కరిగిపోయాయి. తాటిచెట్టును కరుచుకుని పాకిన కాలు నా గుప్పిట్లో ఇమిడేది.

ఒక మధ్యాహ్నం ఆటో స్టాండులో ఫోన్‌లో ఓ వీడియో చూశాను. నెలల తరబడి ఆకాశంలో ఉండి దిగివచ్చిన వ్యోమగాములు. గుండెలు తీసిన బంట్లు! వాళ్లను పసిపిల్లల్లా ఎత్తి కుర్చీల్లో కూర్చోబెడుతున్నారు. పైన ఒంటికి బరువు తెలియదు కాబట్టి కండ కరుగుతుందట, ఎముక గుల్లబారుతుందట. అందుకే అక్కడున్నన్నాళ్లూ ఒంటికి బెల్టుల్లాంటి పటకాలు బిగించుకుని, అవి కిందికి గుంజుతుంటే, నడక యంత్రం మీద రోజూ పరిగెత్తుతారట. వాళ్లందరూ మా అన్నే.

అన్న ఇంటికెళ్లి మంచం మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"అన్నా, ఆకాశంల ఉన్నోళ్లకు గూడ నీ రోగమే."

"ఏందిరా, వాళ్లు ఏ చెట్టు మీదికెళ్లి పడ్డరు?"

"పడనీకి కింద అనేది ఉంటే గద! ఆడ లొట్టి వంచితె కల్లు కారదు. ఉండలుండలుగ గాల్ల తిరుగుతది. ఎంటబడి నోట్ల పట్టుకోవాలె."

చాన్నాళ్లకు అన్న నవ్వాడు. "మరి తాగినోడు యాడ పడతడు?"

"పడడు. గదే వాళ్ల కష్టం. బరువు లేక కాళ్లు చచ్చుబడతయి. నీకూ గట్లనే అయితాంది."

చెట్టెక్కేటప్పుడు నడుముకు వేసుకునే అన్న మోకు గోడకు వేలాడుతోంది. తీశాను. వదిన ఎగిరిపడింది.

"దాన్ని ముట్టకు! అదేసుకోనే గద పడ్డడు."

"వదినా, రాకెట్ల గూడ గిసుంటి మోకే పంపుతరు."

"నీ కథల్ల మన్నువడ. ఆయనకేమన్న అయితె నీ ఇంటి ముందల కూసుంట." ఏడుస్తూనే అంది.

మోకును దూలానికి వేసి, తువ్వాలు చుట్టి, అన్న చంకల కిందుగా కట్టాను. రోజుకో కథ చెప్పి కాళ్లు మంచం దింపించేవాణ్ని. అరికాలు నేలను తాకగానే అన్న ఒళ్లంతా వణికేది. చెమటలు పట్టేవి. "రేపు, తమ్మీ" అనేవాడు. భద్రాచలం దవాఖానకు తీసుకెళ్తే, మోకాలు వంచి చూసిన ఫిజియోథెరపీ ఆయన, బిగుసుకుపోతోంది, ఇంకెప్పుడు నిలబెడతారు అని కసిరాడు. ఆ రోజు వంతెన మీద నా నోట్లోంచి ఒక్క కథ రాలేదు. ఒంట్లో బాగుందా అని ప్రయాణికులే అడిగారు.

మర్నాడు వదిన మిరప కోతకు వెళ్లాక అన్నను లేపాను. ఈసారి ఒంటికి కట్టొద్దని, మోకును చేతులతోనే పట్టుకుని నిలబడ్డాడు. నిజంగానే నిలబడ్డాడు. అంతలోనే మోకాలు మడతపడింది, చేతులు పట్టు జారాయి. నేను అడ్డం పడ్డాను కాబట్టి నా మీద పడ్డాడు. ఇద్దరం నేల మీద ఉన్నాం. అన్నను లేపే బలం నాకు లేదు. ఎవరినైనా కేకేస్తే, మళ్లీ మంచం దిగనివ్వరు.

"ఆ ఆకాశపోళ్లు," అన్నాడు రొప్పుతూ, "మళ్ల నడుస్తరారా? కథలొద్దు."

నా నాలుక చివర పది కథలున్నాయి.

"నడుస్తరు. గని కొందరి ఎముక మునుపటి లెక్క కాదట."

అన్న తల తిప్పి దూలానికి వేలాడే మోకును చూశాడు. అనకుండా ఉండాల్సిందని నన్ను నేను తిట్టుకున్నాను. అప్పుడు మెల్లగా, చేత్తో తొడను జరుపుకుంటూ, అరికాలు తెచ్చి నా పొట్టకు ఆనించాడు.

"తోస్త. కదలకుంట ఆపు."

తోశాడు. నేను గోడ దాకా జారిపోయాను. "అబ్బో, అన్నా!"

"నువ్వే జరిగినవ్. బలం ఎంతున్నదో చెప్పు."

మళ్లీ దగ్గరికి జరిగాను. ఈసారి కదలకుండా కూర్చున్నాను. అప్పుడే పుట్టిన మేకపిల్ల మూతితో పొడిచినట్టుంది. అంతే.

"లేదన్నా," అన్నాను. "ఏం లేదు."

అన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. పాదం తీయలేదు. పళ్లు బిగించి మళ్లీ తోశాడు.